ముందు బ్రేకు దొంగ

ప్రమీల ముందు బ్రేకు నొక్కింది. లివరు మెత్తగా వెళ్లి హ్యాండిలుకు ఆనుకుంది. బండి ఆగలేదు.

రింగురోడ్డు మార్కెట్ నుంచి ఇంటివైపు దిగే వంతెన వాలు అది. పొద్దున వచ్చేటప్పుడు ట్రాఫిక్ నత్తనడకే, ముందు బ్రేకు అవసరమే పడలేదు. దిగువన ఎర్రదీపం పడింది. ముందు పోతున్న ఆటో ఉన్నచోటే నిలబడిపోయింది. వెనక సీటు మీద తాళ్లతో బిగించిన రెండు చీరల మూటలు ఆమెను ముందుకు తోస్తున్నాయి. ఆటో వెనక రాసిన అక్షరాలు చూస్తుండగానే పెద్దవవుతున్నాయి. మళ్లీ నొక్కింది. లివరు మళ్లీ ఊరికే వచ్చి హ్యాండిలును తాకింది.

కుడికాలితో వెనక బ్రేకును బలంకొద్దీ తొక్కింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. టైరు కీచుమంది. బండి నడుము విరిగినట్టు పక్కకు కొట్టుకుంది.

ఎడమపక్కన పరుపులు కుట్టేవాడు అప్పుడే ఏకిన దూదిని నడుమెత్తు కుప్ప పోసి పెట్టుకున్నాడు. ప్రమీల హ్యాండిలును అటు తిప్పేసింది.

లోకం తెల్లబడింది.

"బెహన్, జిందా హో?" అంటూ పరుపులవాడు, బతికి ఉందో లేదోనని కుప్పలోకి తొంగిచూశాడు.

దూదిలోంచి ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత హెల్మెట్. మాస్కు మీద, కనురెప్పల మీద, కొంగు మీద అంతా దూదే. మోచెయ్యి ఒకటి కాస్త గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఆమె మొదట అన్న మాట, "మాల్? మేరా మాల్?"

ఒక మూట దూదిలో భద్రంగా ఉంది. రెండోది తాడు తెగి పగిలింది. అందులోని చీరలు కొన్ని కాలవ పక్కన బురదలో పరుచుకున్నాయి.

జనం పోగయ్యారు. ఆడవాళ్ల చేతికి గేరు బండి ఎవడిచ్చాడని ఒకడన్నాడు. స్కూటీ అయితే బాగుండేదని ఇంకొకడన్నాడు. అంతలో వెనక వస్తున్న మూడు చక్రాల టెంపో ఆగింది. అందులోంచి సోమలింగం దిగాడు. ప్రమీల వాళ్లుండే వరసగదుల చాల్‌లోనే కిందిగదిలో ఉంటాడు. మార్కెట్ నుంచి మాలు మోయడం అతని పని.

"ముందు బ్రేక్ వట్టినవా చెల్లె?"

"పట్టిన అన్నా."

"అదే మరి. ముందు బ్రేక్ ముడితె బండి పల్టీ కొడ్తదని నెత్తి నోరు కొట్టుకొని చెప్పిన. వింటివా?"

"నేను పట్టిన. అది పట్టలే. లివరు ఉత్తదే వచ్చింది."

సోమలింగం అప్పటికే జనం వైపు తిరిగాడు. "ఫ్రంట్ బ్రేక్ మారా. ఇసీలియే గిరీ" అని, ముందు బ్రేకు కొట్టడం వల్లే పడిందని తీర్పు చెప్పేశాడు. జనం తలలూపారు. ప్రమీల రోడ్డు మీదికి చూసింది. వాలులో టైరు జారిన నల్లటి చార ఉంది. ఒక్కటే చార. వెనక చక్రానిది. ముందు చక్రం అసలు బిగియనే లేదని ఆ చార చెబుతోంది. చూసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

*

సూరత్‌లో పాండేసర మిల్లుల వెనక సందులో ఆ చాల్. సాయంత్రానికి ముంగిట్లో తీగల మీద బురద వదిలిన చీరలు వరసగా ఆరుతున్నాయి. ఉతికింది కొమురవ్వ, ఆమెతో మరో నలుగురు ఆడవాళ్లు. వాళ్లంతా ఇళ్లలో కూర్చుని చీరల మీద గమ్ముతో రాళ్లు అంటిస్తారు. ఆ చీరలు తేవడం, పూర్తయినవి దుకాణంలో అప్పగించడం ప్రమీల పని.

ఫోన్‌లో చీరల దుకాణం యజమాని జయంతీభాయ్ గొంతు స్పీకరులో అందరికీ వినిపించింది.

"ప్రమీలాబెన్, దివాలీ కా సీజన్ హై. మాల్ కీచడ్ మే గిరేగా తో మై క్యా బేచూంగా? సోమలింగ్ కే టెంపో మే భేజో."

"సేఠ్, గాడీ మే గడ్‌బడ్ థీ. మేరీ గల్తీ నహీ."

"వో సోమలింగ్ బోలేగా తో మానూంగా. వో మేరా పురానా ఆద్మీ హై. సోమ్‌వార్ తక్ బతావో."

సోమవారంలోగా సోమలింగం సరేనంటేనే ప్రమీల బండికి మాలు, లేదంటే అతని టెంపోకే అని ఫోన్ పెట్టేశాడు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టెంపో నిండితే గాని సోమలింగం కదలడు. అతను కదిలేవరకు వీళ్ల చేతులు ఖాళీ. పైగా ఏ ఇంటికి ఎన్ని చీరలో అతనే పంచుతాడు. కరోనా రెండో అల తగ్గి, మార్కెట్ మళ్లీ తెరిచాక ప్రమీల బండెక్కింది అందుకే.

"సోమలింగం సరే అనాలె. గంతేనా?" అంది కొమురవ్వ. "ఆయన పెండ్లాం ముందు తప్ప ఎవలి ముందు సరే అన్నడే?"

రంగుల మిల్లులో పని దిగి చిరంజీవి వచ్చాడు. భార్య మోచెయ్యి చూశాడు. బండి దగ్గరికి వెళ్లి లివరు నొక్కాడు. అతని ముఖం మారింది. వెంటనే సందు చివర దుకాణం నుంచి మెకానిక్ కనకయ్యను పిలుచుకొచ్చాడు.

కనకయ్య ముందు చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. బ్రేకు వైరు కిందికొచ్చి చక్రం దగ్గర ఒక నట్టుతో ముగుస్తుంది. ఆ నట్టు బిగిస్తే బ్రేకు బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. అతను దాన్ని వేళ్లతో తిప్పుతూ పోయాడు. తిప్పుతూనే ఉన్నాడు.

"ఇది ఊడింది కాదే చిరంజీవి. ఎవలో తిప్పిండ్రు."

చిరంజీవి అతని పక్కన వంగాడు.

"మంచిగ చూడు కనకయ్యా."

"చూసిన. ఇగో, తక్కిన నట్లన్ని దుమ్ము వట్టి, తుప్పు వట్టి ఉన్నయి. ఈ ఒక్కటి అద్దం లెక్క మెరుస్తున్నది. అంటె దినాం తిరుగుతున్నది. ఇంకో సంగతి." కనకయ్య వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె గూడ పెట్టిండు. పాపం, దొంగకు బండంటె మస్తు ప్రేమున్నది."

అప్పుడు లోపలిగదిలో మంచం కిర్రుమంది. రెండు దుప్పట్లు కప్పుకొని బుచ్చిరాములు గుమ్మంలోకి వచ్చాడు. చిరంజీవి తండ్రి. నిన్న మధ్యాహ్నం భార్య వెంకటవ్వతో కలిసి రెండో డోసు వేయించుకున్నాడు. ఆమె సూది మరిచిపోయి వంట చేసుకుంది. ఆయన రాత్రి నుంచి జ్వరంతో మూలుగుతూ, ఈ రోజంతా మంచం దిగలేదు.

"నా బండిని ముట్టిందెవడు?" అన్నాడు.

"బాపూ, జెరం ఉన్నది, లోపలికి పో."

"జెరం గిరం పోయింది. నా కోడలు సచ్చి బతికింది. నా బండిని ముట్టినోని పేరు నాకు గావాలె. నలుగురిల నిలవెట్టి పేరు చెప్పిపియ్యకుంటె నేను బుచ్చిరాములునే కాదు."

"అయితె ఆడిదాని పేరు వెడ్దాం తియ్యి" అని లోపలినుంచి వెంకటవ్వ అంది. "కశాయం తాగు ముందుగాల."

కొమురవ్వ పకపకా నవ్వింది. "పేరంటె గుర్తొచ్చింది. నిన్న సూదికాడ ఏమైందో తెల్సా? రాసుకునే పిల్ల, పతి కా నామ్ అని అడిగింది. ఈ వెంకటవ్వ సప్పుడు చెయ్యదు. మల్ల అడిగింది. గాయినే, అని ఏలు చూపెట్టింది. గాయినే అనే పేరెట్ల రాసుకుంటది ఆ పిల్ల?"

"మొగని పేరు నోటితోని ఎట్ల చెప్తరు?" అంది వెంకటవ్వ. "ఎన్నడన్న చెప్పిన్నా?"

*

విచారణ మర్నాడే మొదలైంది. బుచ్చిరాములు జ్వరం నిజంగానే దిగింది. ఆయన ముంగిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మాస్కు సరిగ్గా కట్టుకుని, చాల్‌లో ఒక్కొక్కరినీ పిలిచాడు.

మొదటి అనుమానం సోమలింగం మీదే. అతనికి లాభం ఉంది. అతని గది బండికి దగ్గర. అతని దగ్గర నట్లు తిప్పే పానలున్నాయి.

"కాకా, నీ కోడలు బ్రేక్ వట్టరాక పడ్డది. నా మీద ఎందుకేస్తున్నవ్?"

"నీ పాన ఏడున్నది?"

"టెంపోల ఉన్నది. పానలు ఎవని దగ్గర లెవ్వు? నీ దగ్గర లెవ్వా? నలభై ఏండ్లు మగ్గం సాంచల కాడ ఏం తిప్పినవ్, చేతులా?"

అది బుచ్చిరాములుకు గర్వకారణం. సోమలింగాన్ని అనుమానించే పని కాసేపు పక్కన పెట్టాడు.

"నా చెయ్యే పాన. మా కారఖానల రాత్రి పాళీ లేకుండె. సైరన్ వడంగనే అందరు డబ్బాలు సదురుకొని ఉరికేటోళ్లు. నేను పోయేటోణ్ణి కాదు. ఒక్కొక్క సాంచ కాడికి పోయి పడుగు వదులు చేసేటోణ్ణి. రాత్రంత పడుగు బిగిసే ఉంటె నూలు సాగుతది. పొద్దున సాంచ నడిపిస్తె బట్ట మీద అడ్డం పట్టి వడ్తది. మల్ల తెల్లారి సైరన్‌కు బిగిచ్చేటోణ్ణి. నా బట్ట మీద పట్టి చూసినోడు సూరత్‌ల లేడు."

"ఆ కారఖాన లాక్‌డౌన్‌ల బందయ్యింది గద కాకా. ఇంక పడుగేంది?"

"అందుకేరా, నాకు గిప్పుడు ఈ బండే సాంచ. దీన్ని ముట్టినోణ్ణి వదుల."

ఆ మాట నిజం. కారఖానా మూతపడ్డాక ఆయన పక్క మిల్లు పొద్దుటి సైరన్‌కు లేచి బండి తుడుస్తాడు. సాయంత్రం సైరన్‌కు మళ్లీ తుడుస్తాడు. పాత చీరముక్క ఒకటి ఎప్పుడూ భుజం మీద ఉంటుంది. సాయంత్రం తుడిచాక ఇక ఆ బండిని ఎవరూ ముట్టకూడదు. అది ఇంట్లో కట్టడి.

సోమలింగం లేచాడు. "నేను ఒక్కటే మాట చెప్త. ముందు బ్రేక్ వట్టుకునేటోళ్ల చేతికి సేఠ్ మాల్ ఇయ్యుమని నేను చెప్ప. ఇరవై ఏండ్ల నుంచి బండి నడుపుతున్న, ఒక్కసారి ముట్టలే."

గోడవారగా చీరలు మడతపెడుతున్న ప్రమీల తలెత్తింది. "ముట్టకుండ ఆపుతవా అన్నా?"

"ఆపుత."

"ఎంత దూరంల?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు ఇంతవరకు.

"మూతవడ్డ మిల్లు జాగ ఉన్నది గద, నేను నేర్చుకున్నది ఆడనే" అంది ప్రమీల. "ఆదివారం రా. ఒక్కటే బండి. ఒక్కటే మూటలు. నువ్వు నీ తీర్గ ఆపు, నేను నా తీర్గ ఆపుత. నువ్వు తక్కువ దూరంల ఆపితె మాల్ నీ టెంపోలనే పోతది. నేను మల్ల మాట్లాడ. నేను ఆపితె సేఠ్‌కు నువ్వే ఫోన్ చెయ్యాలె."

కొమురవ్వ గమ్ము డబ్బా కింద పెట్టింది. "నేను సాక్ష్యం" అంది.

సోమలింగం నవ్వాడు. కాదంటే చాల్‌లో నవ్వులపాలవుతాడు. అవునన్నాడు.

*

శనివారం పొద్దున ప్రమీల సైరన్ కంటే ముందే లేచింది. దూదికుప్ప నేర్పిన పాఠం ఒకటుంది. బండి కదిలించే ముందు లివరు నొక్కి చూడాలి. ఊరికే అలవాటు చేసుకుందామని ముంగిట్లోకి వచ్చి నొక్కింది.

లివరు వెళ్లి హ్యాండిలుకు ఆనుకుంది.

ఆమె అరుపుకు చాల్ మొత్తం లేచింది. చిరంజీవి వచ్చి నట్టు చూశాడు. మొన్న కనకయ్య బిగించింది మళ్లీ పూర్తిగా వదులైంది. నట్టు మీద తడితడిగా కొత్త నూనె.

"రాత్రి గేటుకు తాళం ఉన్నది" అన్నాడు చిరంజీవి నెమ్మదిగా. "బయటోడు రాలే."

దొంగ చాల్‌లోనే ఉన్నాడు. అందరి చూపులూ సోమలింగం తలుపు వైపు తిరిగాయి. సోమలింగం పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చాడు. నోట్లోంచి తీసి, "నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టులో బెదురు ఉంది గాని అబద్ధం ఉన్నట్టు ప్రమీలకు అనిపించలేదు.

చిరంజీవి నట్టు బిగించాడు. బుచ్చిరాములు పళ్లు కొరికాడు.

"ఈ రాత్రి నేనే కాపల ఉంట. చీమ గూడ రాదు."

చెప్పినట్టే సాయంత్రం సైరన్ పడగానే బండిని శుభ్రంగా తుడిచి, దొంగను తిట్టుకుంటూ, మంచాన్ని తెచ్చి చక్రానికి ఆనించి వేసుకున్నాడు. చీరకు వాడే లేసు ఒకటి తీసుకుని ఒక కొస హ్యాండిలుకు, ఇంకో కొస తన కాలి బొటనవేలికి కట్టుకున్నాడు. వెంకటవ్వ ఒక నిమ్మకాయ తెచ్చి హెడ్‌లైటుకు కట్టింది. మనిషైతే ఆయన చూసుకుంటాడు, కాకపోతే నిమ్మకాయ చూసుకుంటుంది.

ఆదివారం పొద్దున, సైరన్ ఇంకా పడకముందు, లేసు అలాగే ఉంది. నిమ్మకాయ అలాగే ఉంది. బుచ్చిరాములు కంటిమీద కునుకు లేకుండా, కళ్లు ఎర్రగా చేసుకుని మంచం మీద కూర్చునే ఉన్నాడు.

"చీమ గూడ రాలే" అన్నాడు.

ప్రమీల లివరు నొక్కింది. అది వెళ్లి హ్యాండిలుకు ఆనుకుంది.

కొమురవ్వ నిమ్మకాయను విప్పి వాసన చూసింది. "ఇది గూడ దొంగతోనే కలిసింది" అంది.

*

మూతపడిన మిల్లు ఆవరణ సిమెంటు నేల. లాక్‌డౌన్‌లో చిరంజీవికి పని లేనప్పుడు ప్రమీలకు బండి నేర్పింది ఇక్కడే. మొదట్లో ఆమె లివరును ఒక్కసారిగా గుంజేది, బండి ముక్కు నేలకు కొట్టుకోబోయేది. "గుంజొద్దు. తడి చీర పిండుతవ్ సూడు, అట్ల పిండు" అన్నాడతను. "ముందుగాల మెల్లగ. నీళ్లు దిగుతున్న కొద్ది గట్టిగ." ఆ మాటతో చేతికి తెలిసిపోయింది. బ్రేకు పడగానే బరువంతా ముందుకొస్తుంది. ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. కాబట్టి ఆపే పని ఎక్కువగా ముందుదే, వెనకది సాయం. ఇసుక మీదా, తడి మీదా చెయ్యి ఇంకా తేలిక చెయ్యాలి. మలుపులో పట్టేకంటే మలుపు రాకముందే తగ్గించుకోవాలి. ఆ వేసవంతా ఇద్దరిదీ ఇదే పని. ఆమె పడ్డప్పుడల్లా అతను నవ్వేవాడు. అతను ఆమె వెనక కూర్చున్నప్పుడల్లా దేవుడి పేరు తలుచుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నానికి చాల్ అంతా అక్కడికి వచ్చింది. కొమురవ్వ నేల మీద ముగ్గుపిండితో అడ్డంగా గీత గీసింది. గీత అవతల ఖాళీ గమ్ము డబ్బాలు గోపురంలా పేర్చింది. నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ మొదలైతే అక్కడ బ్రేకు పట్టాలి. ముగ్గు దాటకూడదు. అదీ పందెం. నట్టును కనకయ్య అందరి ముందూ బిగించాడు. వెనక సీటు మీద మూటలు కట్టారు.

సోమలింగం మొదట ఎక్కాడు. గేటు దగ్గర నుంచి మూడో గేరులో దూసుకొచ్చాడు. నీడ తగలగానే కుడికాలు దిగ్గున తొక్కాడు. టైరు కీచుమంది. వెనక చక్రం ఎడమకొకసారి, కుడికొకసారి ఊగింది. సోమలింగం రెండు కాళ్లూ చాపాడు. బండి ముగ్గును చెరిపేసి, గోపురాన్ని కూల్చి, డబ్బాలు దొర్లుతుండగా వాటి మధ్య ఆగింది.

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మాస్కులున్నా ఆగలేదు నవ్వు.

"నేల జారుతున్నది" అన్నాడు సోమలింగం.

"ప్రమీలకు గూడ గదే నేల" అంది కొమురవ్వ, ముగ్గు మళ్లీ గీస్తూ.

ప్రమీల ఎక్కింది. ముందు లివరు నొక్కి చూసింది. రెండడుగులు నడిపించి మళ్లీ చూసింది. పట్టింది. గేటు దాకా వెళ్లి తిరిగింది. చిరంజీవి గోడకు ఆనుకుని నిలబడి, తెలియకుండానే తన కుడిచేతిని పిడికిలి పట్టి పిండుతున్నాడు.

ఆమె వచ్చింది. సోమలింగం కంటే నెమ్మదిగా రాలేదు, అది అందరూ చూశారు. నీడ తగిలింది. వేళ్లు మెల్లగా దగ్గరయ్యాయి. బండి ముక్కు వంగింది. బరువు మణికట్ల మీదికి వచ్చింది. అప్పుడు ఇంకా పిండింది, పాదంతో వెనక బ్రేకును కాస్తంత తాకింది. కీచుమనలేదు. ఊగలేదు. బండి నిటారుగా, ఎవరో చెయ్యి పెట్టి ఆపినట్టు నిలబడిపోయింది.

ముగ్గుకూ ముందు చక్రానికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది.

వెంకటవ్వ ఆ ఖాళీలోకి వెళ్లి నిలబడి, రెండు చేతులు చాపి కొలిచి చూపించింది. చప్పట్లు మొదలయ్యాయి. పరుపులవాడి దూదిలో పడ్డప్పుడు కూడా ఏడవని ప్రమీలకు ఇప్పుడు కళ్లు తడిశాయి. హెల్మెట్ తియ్యకుండానే నవ్వింది.

"సోమలింగం, డబ్బాలు ఏరుకో నాయనా" అంది కొమురవ్వ.

సోమలింగం నిజంగానే రెండు డబ్బాలు ఏరాడు. తర్వాత ప్రమీల దగ్గరికొచ్చి లివరు కేసి చూశాడు. "మెల్లగ పిండుతవా? ఒక్కసారి గుంజవా?"

"మెల్లగనే అన్నా. నేర్పాల్నా?"

"తర్వాత జూద్దాం." జేబులోంచి ఫోన్ తీశాడు. "మాటంటె మాటే. సేఠ్‌కు చేస్తున్న."

జయంతీభాయ్ ఎత్తాడు. స్పీకరు పెట్టారు. "సేఠ్, ప్రమీలాబెన్ కా బ్రేక్ మేరే టెంపో సే అచ్ఛా హై" అన్నాడు సోమలింగం. అవతల నవ్వు వినిపించింది. అంతలో సోమలింగం ఆగాడు. ముఖం ముడుచుకుంది.

"కాని సేఠ్, ఏక్ బాత్ హై. గాడీ కా నట్ రోజ్ రాత్ కో కోయీ ఢీలా కర్తా హై."

"కౌన్ కర్తా హై?"

"అదే ఎవలికి తెల్వది." అతను చాల్ వాళ్ల వైపు తిరిగాడు. "ప్రమీలకు నేను పూచీ ఉంట. బండికి ఎట్ల ఉండాలె? రేపు మల్ల వదులైతె? అందరు నన్నే దొంగను చేసిండ్రు. ముందు దొంగ పేరు తేలాలె. పేరు చెప్పుండ్రి, గీ ఫోన్లనే సేఠ్‌కు మాటిస్త."

చప్పట్లు ఆగిపోయాయి. గెలిచిన పందెం మళ్లీ ప్రమీల చేజారుతోంది.

అప్పుడే పక్క మిల్లులో సాయంత్రం సైరన్ మోగింది.

బుచ్చిరాములు భుజం మీది చీరముక్క చేతిలోకి వచ్చింది. సోమలింగం జార్చిన దుమ్మంతా బండి మీదే ఉంది. ఆయన ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని ఒక్కో పుల్లా తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే గొంతు పెంచాడు.

"సోమలింగం అన్నదే నా మాట. ఎవడో గాని మనలనే ఉన్నడు. మన ముందటనే తిరుగుతున్నడు. మనతోనే మాట్లాడుతున్నడు."

ఎడమచేతిలో గుడ్డ ఆగింది. కుడిచెయ్యి కిందికి దిగింది. బొటనవేలు చక్రం దగ్గరి బ్రేకు మీటను లోపలికి నొక్కింది. చూపుడువేలు, మధ్యవేలు నట్టును పట్టుకున్నాయి.

"నా కళ్లల్ల కారం కొట్టిండు. కాపల ఉంటె గూడ దొరకలే. ఎంత జిత్తులమారోడై ఉండాలె?"

నట్టు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు.

మొదట చూసింది ప్రమీల. సైరన్. పడుగు. రాత్రంతా బిగిసి ఉంటే సాగుతుంది. పొద్దుటి సైరన్‌కు మళ్లీ బిగించాలి. సాయంత్రం తుడిచాక బండిని ఎవరూ ముట్టకూడదు. ఇన్నాళ్లూ ఆమె బండి తీసింది పొద్దుటి సైరన్ తర్వాతే. బండి పడిన ఆ ఒక్క గురువారం తప్ప, అంతకుముందు ప్రతి పొద్దునా ఆ చెయ్యి ఆయనకే తెలియకుండా వచ్చి బిగించింది. ఆ గురువారం ఆయన రెండు దుప్పట్ల కింద జ్వరంతో ఉన్నాడు.

ఆమె చిరంజీవి చెయ్యి గిల్లింది. అతను చూశాడు. నోరు తెరిచాడు. కనకయ్య చూశాడు. కొమురవ్వ చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. సోమలింగం చేతిలో ఫోన్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. బుచ్చిరాములు జేబులోంచి చిన్న నూనె సీసా తీసి, నట్టు మీద ఒక చుక్క వేసి, ప్రేమగా వేలితో రాశాడు.

"ఏంది, అందరు సప్పుడు చెయ్యరు?" అన్నాడు తల ఎత్తకుండా. "తెల్సినోళ్లు ఎవలన్న ఉంటె భయపడొద్దు. నేనున్న. పేరు చెప్పుండ్రి."

ఎవరూ మాట్లాడలేదు. మామ పేరు కోడలు ఎలా చెబుతుంది? కన్నతండ్రి పేరు కొడుకు ఎలా చెబుతాడు? సోమలింగం చెప్పబోయి, తాను చెబితే పగ తీర్చుకున్నట్టుంటుందని ఆగిపోయాడు. ఒక్కొక్కరూ మెల్లగా తల తిప్పి వెంకటవ్వ వైపు చూశారు.

వెంకటవ్వ ఇంకా ముగ్గు ముందరి ఖాళీలోనే నిలబడి ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకోలేక కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"అరే, నామ్ తో బోలో" అని ఫోన్‌లోంచి జయంతీభాయ్ అరిచాడు. "కౌన్ హై?"

"చెప్పుండ్రి" అన్నాడు బుచ్చిరాములు కూడా, నట్టు చివరి చుట్టు తిప్పుతూ. "గట్టిగ చెప్పుండ్రి. నలుగురికి ఇనవడాలె."

వెంకటవ్వ కళ్లు తుడుచుకుంది. పెళ్లిలో ఆడపడుచులు గుమ్మం దగ్గర అడ్డగించినా నోరు విప్పని మనిషి, మొన్న సూది దగ్గర వేలు చూపించి తప్పించుకున్న మనిషి, మాస్కును గడ్డం కిందికి లాగి, గొంతు సవరించుకుని, మిల్లు గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా చెప్పింది.

"బుచ్చిరాములు."